టీఎస్‌బీ మైనస్ 12 మాత్రమే, కాళ్లు మాత్రం కదలడం లేదు: పవర్ డేటా అలసటను కొలుస్తుందా?

ఎదురుగాలి

అందరికీ నమస్కారం. సైకిల్‌కు పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో కొలిచే పరికరం) బిగించుకున్నప్పటి నుంచి నా రైడ్లన్నీ సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతున్నాయి. ప్రస్తుతం సీటీఎల్ (ఫిట్‌నెస్ అంకె) 64, ఏటీఎల్ (అలసట అంకె) 76, వాటి తేడా టీఎస్‌బీ మైనస్ 12. సీటీఎల్ వారానికి నాలుగు పాయింట్ల చొప్పున పెరుగుతోంది. చదివిన చోటల్లా ఇది మామూలు భారమనే రాసి ఉంది. టీఎస్‌బీ మైనస్ 10కీ మైనస్ 30కీ మధ్య ఉంటే శిక్షణ సవ్యంగా సాగుతున్నట్టేనట.

నా పరిస్థితి అలా లేదు. మెట్లు ఎక్కినా తొడలు పట్టేస్తున్నాయి. వారానికి రెండుసార్లు థ్రెషోల్డ్ ఇంటర్వెల్స్ (తట్టుకోగల హద్దు దగ్గర తొక్కే విడతలు) చేస్తాను: పదేసి నిమిషాలవి నాలుగు, ఎఫ్‌టీపీలో (సుమారు గంటసేపు నిలబెట్టగల పవర్) 98 శాతం దగ్గర. నాలుగోది పూర్తి కావడం మానేసింది. వింత ఏమిటంటే, అవే వాట్ల దగ్గర గుండె వేగం మునుపు 170 దాకా వెళ్లేది, ఇప్పుడు 161 దగ్గరే ఆగిపోతోంది. తోటి రైడర్ ఒకరు ఇది ఫిట్‌నెస్ పెరిగిన గుర్తే అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఎఫ్‌టీపీ 283, ర్యాంప్ టెస్టుతో (మెట్టుమెట్టుగా వాట్లు పెంచుతూ ఇక చేతకానంతవరకూ తొక్కేది) వచ్చిన అంకె. పొరపాటు లెక్కలో ఉందా, ఒంట్లో ఉందా?

---

పాతచక్రం

ఒంట్లోనే ఉంది. గ్రాఫ్ మూసేసి ఒక వారం హాయిగా పడుకోండి. తొడలు పట్టేశాయని తొడలే చెబుతుంటే ఇక తెరను అడగడం దేనికి?

---

కొత్తపెడల్

నాది చిన్న సందేహం, ఎవరూ విసుక్కోకండి. ఈ సీటీఎల్, ఏటీఎల్, టీఎస్‌బీ అనేవి దేన్నుంచి పుడుతున్నాయి? నా ఫోనులోనూ కనిపిస్తున్నాయి, రోజూ చూసి తల ఊపుతున్నాను తప్ప అర్థం కాలేదు.

---

లెక్కలమాస్టారు

కొత్తపెడల్ గారూ, విసుగెందుకు, ఎదురుగాలి గారి సమస్యకు కూడా ఇక్కడి నుంచే దారి తీయాలి.

మొదట రైడ్ పవర్‌ను ఒకే అంకెగా మార్చాలి. సగటు తీస్తే మోసపోతాం. ఐదు నిమిషాలు 100 వాట్లు, ఐదు నిమిషాలు 300 వాట్లు, ఇలా గంటసేపు మార్చి మార్చి తొక్కితే సగటు 200. కానీ ఆ గంట, స్థిరంగా 200 వాట్లు తొక్కిన గంటకన్నా ఎంతో కష్టం. ఆండ్రూ కోగన్ దీనికి నార్మలైజ్డ్ పవర్ అనే పద్ధతి తెచ్చారు. ముందు డేటాను 30 సెకన్ల కదిలే సగటుగా చదును చేస్తాం. వచ్చిన ప్రతి విలువనూ నాలుగో ఘాతానికి పెంచి, సగటు తీసి, నాలుగో మూలం తీస్తాం. పై ఉదాహరణలో అది సుమారు 250 వస్తుంది. నాలుగో ఘాతం ఎందుకంటే, తీవ్రత పెరిగేకొద్దీ రక్తంలో లాక్టేట్ పెరిగే తీరు దాదాపు అలాంటి వంపుతోనే ఉంటుంది.

ఈ నార్మలైజ్డ్ పవర్‌ను ఎఫ్‌టీపీతో భాగిస్తే ఇంటెన్సిటీ ఫ్యాక్టర్. దాని వర్గాన్ని గంటలతో, ఆపైన 100తో గుణిస్తే టీఎస్ఎస్, అంటే ఆ రైడ్ మోపిన భారం. సరిగ్గా ఎఫ్‌టీపీ దగ్గర గంట తొక్కితే 100.

ఇక రోజువారీ టీఎస్ఎస్‌కు రెండు సగటులు. ఈ సగటుల్లో నిన్నటి రైడ్‌కు బరువు ఎక్కువ, పాతబడేకొద్దీ తక్కువ. 42 రోజుల కాలస్థిరాంకంతో (పాత రైడ్ల బరువు ఎంత త్వరగా తగ్గాలో చెప్పే అంకె) తీసేది సీటీఎల్, 7 రోజులతో తీసేది ఏటీఎల్. మొదటిది ఫిట్‌నెస్‌కూ రెండోది అలసటకూ ప్రతినిధులని చెప్పుకుంటాం. మొదటిదాన్లోంచి రెండోది తీసేస్తే టీఎస్‌బీ.

అంకెలతో చూడండి. రెండూ 60 దగ్గర ఉన్న మనిషి ఒక వారం రోజూ 100 టీఎస్ఎస్ చేశాడనుకుందాం. వారాంతానికి ఏటీఎల్ 86కు ఎగబాకుతుంది, సీటీఎల్ 66 దాకానే వస్తుంది. టీఎస్‌బీ మైనస్ 20. తర్వాతి వారం సైకిల్ ముట్టకపోతే ఏటీఎల్ 29కి జారుతుంది, సీటీఎల్ 56 దగ్గర నిలుస్తుంది. టీఎస్‌బీ ప్లస్ 27. ఏటీఎల్ ఇట్టే ఎక్కి ఇట్టే దిగుతుంది, సీటీఎల్‌కు తొందర లేదు. ఈ గ్రాఫ్ కథంతా అంతే.

---

కొత్తపెడల్

మాస్టారూ, ధన్యవాదాలు. అయితే నా ఫోనులో ఒక అంకె, కంప్యూటర్‌లో ఇంకో అంకె వస్తోంది. ఒకే రైడ్లు కదా?

---

లెక్కలమాస్టారు

కొన్ని సాఫ్ట్‌వేర్లు తేడాను నేరుగా 42తో, 7తో భాగిస్తాయి. కొన్ని ఘాతీయ సూత్రం వాడతాయి. టీఎస్‌బీకి కొన్ని నిన్నటి విలువలు తీసుకుంటే, కొన్ని ఇవాళ్టివి తీసుకుంటాయి. పైగా పవర్ లేని రైడ్లకు గుండె వేగంతో అంచనా కట్టే తీరు ఎవరిది వారిది. ఒక్కదాన్ని ఎంచుకుని దాన్నే చూడండి. రెండు గడియారాలు పెట్టుకున్నవాడికి సమయం ఎప్పటికీ తెలియదు.

---

నాడి

ఎదురుగాలి గారి పోస్టులో అందరూ దాటిపోతున్న వాక్యం గుండె వేగం గురించినది. నా దృష్టిలో అసలు సమాచారమంతా అక్కడే ఉంది.

అవే వాట్లకు గుండె వేగం తగ్గడానికి రెండు కారణాలు ఉండొచ్చు. శరీరం రాటుదేలితే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతుంది, కొట్టుల సంఖ్య తగ్గుతుంది. అప్పుడు ఆ పని తేలికగా కూడా అనిపించాలి. రెండోది, వరుసగా భారం మోసినప్పుడు గుండె ఆదేశాలకు స్పందించడం మందగిస్తుంది; ఎంత తొక్కినా వేగం పైకి రాదు. అప్పుడు పని మునుపటికన్నా బరువుగా అనిపిస్తుంది. బయటికి రెండింట్లోనూ ఒకే అంకె. విడదీసేది కష్టం ఎంత అనిపించిందన్న మీ మాటే. మీరు నాలుగో ఇంటర్వెల్ పూర్తి చేయలేకపోతున్నారంటే అది మొదటిది కాదు.

టీఎస్ఎస్‌కు ఇది తెలిసే అవకాశమే లేదు. అది పెడల్ మీద పడిన పనిని మాత్రమే లెక్కిస్తుంది. కరెంటు మీటరు ఎన్ని యూనిట్లు వాడామో చెబుతుంది, గోడలో వైర్లు ఎంత వేడెక్కాయో చెప్పదు. క్రీడా శాస్త్రంలో ఈ రెండింటినీ బాహ్య భారం, అంతర్గత భారం అని విడిగానే చూస్తారు.

---

పాతచక్రం

ఇదే కదా నేను మొదట చెప్పింది! మీరు శాస్త్రం కలిపి చెప్పారు, అంతే తేడా.

---

నాడి

పూర్తిగా అదే కాదు పాతచక్రం గారూ. కాళ్ల మాట కూడా ఒక్కోసారి నమ్మలేం. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని ఎక్కిన మొదటి పావుగంట కాళ్లు మొద్దుబారినట్టే ఉంటాయి. అది అలసట కాదు. అందుకే అనుభూతిని వాట్ల పక్కన, గుండె వేగం పక్కన పెట్టి చూడాలంటున్నాను. మూడింట్లో ఏ ఒక్కటి విడిగా తీసుకున్నా బోల్తా పడతాం.

---

ఎక్కుడుదారి

నేను రేసర్లకు శిక్షణ ఇస్తుంటాను. నాకు ముందుగా అనుమానం వచ్చింది ర్యాంప్ టెస్టు మీద. ఆ టెస్టులో చివరి ఒక్క నిమిషపు ఉత్తమ సగటులో 75 శాతాన్ని ఎఫ్‌టీపీ అంటారు. చివరి నిమిషాల్లో పొట్టి పరుగు బలం (కొద్దిసేపు గట్టిగా తొక్కగల శక్తి) ఉన్నవాళ్లు ఆ బలంతోనే ఇంకో మెట్టు ఎక్కేస్తారు. వాళ్లకు ఎఫ్‌టీపీ ఉన్నదానికన్నా పెద్దదిగా వస్తుంది. ఉరుకులు లేకుండా ఒకే వేగంతో చాలాసేపు తొక్కే డీజిల్ తరహా రైడర్లకు ఇది తారుమారు.

ఇరవై నిమిషాల టెస్టులో 95 శాతం తీసుకునే పద్ధతికీ ఒక షరతు ఉంది, చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తారు. అసలు విధానంలో ఆ ఇరవై నిమిషాలకు ముందు ఐదు నిమిషాలు సర్వశక్తులతో తొక్కాలి. అది తీసేసి తాజా కాళ్లతో ఇరవై నిమిషాలు తొక్కి, అదే 95 శాతం వేసుకుంటే అంకె ఉబ్బుతుంది.

ఎదురుగాలి గారూ, మీ దగ్గర మూడు నిమిషాలకూ పన్నెండు నిమిషాలకూ నిజంగా శాయశక్తులా తొక్కిన రికార్డులు ఉన్నాయా? ఈ మధ్యవి అయి ఉండాలి, అలసట మొదలవకముందువి.

---

ఎదురుగాలి

ఉన్నాయి. మూడు నిమిషాలకు 384 వాట్లు, పన్నెండు నిమిషాలకు 293. రెండూ ఎక్కుడులో, వేర్వేరు రోజుల్లో, ర్యాంప్ టెస్టు చేసిన కాలంలోనివే.

---

లెక్కలమాస్టారు

ఇక నాకు వదిలేయండి. దీన్ని క్రిటికల్ పవర్ అంటారు. 1965లో మోనో, షెరర్ కండరాల పని మీద ప్రతిపాదించిన లెక్కే తర్వాత సైకిల్‌కు వచ్చింది. అలసట ముంచేయకుండా కొనసాగించగల పవర్ ఒకటి, దానికి పైన ఖర్చు పెట్టుకోగల పరిమిత నిల్వ ఒకటి. నిల్వను డబ్ల్యూ ప్రైమ్ అంటారు.

మూడు నిమిషాల పని: 384 × 180 = 69,120 జౌళ్లు.
పన్నెండు నిమిషాల పని: 293 × 720 = 2,10,960 జౌళ్లు.
తేడా 1,41,840 జౌళ్లు, 540 సెకన్లతో భాగిస్తే 263 వాట్లు. ఇదే క్రిటికల్ పవర్. నిల్వ సుమారు 21.8 కిలోజౌళ్లు.

రెండే బిందువులతో గీసిన గీత కాబట్టి కొంత అటూ ఇటూ ఉంటుంది, మూడో బిందువు ఉంటే మేలు. అయినా దిశ స్పష్టమే. క్రిటికల్ పవర్ మామూలుగా ఎఫ్‌టీపీకి సమానంగానో కొద్దిగా పైనో వస్తుంది. ఇక్కడ ఎఫ్‌టీపీ 283, క్రిటికల్ పవర్ 263. అంటే ర్యాంప్ టెస్టు మిమ్మల్ని కనీసం 20 వాట్లు పైకి ఎక్కించి కూర్చోబెట్టింది. 21.8 కిలోజౌళ్లంటే మంచి నిల్వే, ఎక్కుడుదారి గారు అన్న పొట్టి పరుగు బలం అదే.

ఇప్పుడు మీ ఇంటర్వెల్స్ చూద్దాం. 283లో 98 శాతం 277. క్రిటికల్ పవర్‌కు 14 వాట్లు పైన. పది నిమిషాలకు 14 × 600 = 8,400 జౌళ్లు నిల్వలోంచి పోతాయి. మధ్య విరామంలో కొంత తిరిగి నిండుతుంది, పూర్తిగా కాదు. మూడు అయ్యేసరికి అడుగు కనబడుతుంది. నాలుగోది పూర్తి కాకపోవడంలో ఆశ్చర్యమే లేదు. థ్రెషోల్డ్ అనుకుని మీరు వారానికి రెండుసార్లు చేస్తున్నది థ్రెషోల్డ్ దాటిన వ్యాయామం.

---

నిదానం

మాస్టారూ, ఇంకోటి కూడా. టీఎస్ఎస్ ఎఫ్‌టీపీ వర్గానికి విలోమం కదా. 283ని 263తో భాగించి వర్గం చేస్తే 1.158. అంటే ఆయన అసలు టీఎస్ఎస్ తెర మీద కనబడేదానికన్నా 16 శాతం ఎక్కువ. అలసట కనబడకపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి.

---

లెక్కలమాస్టారు

ఇక్కడ ఒక మెలిక ఉంది నిదానం గారూ. మొదట్నుంచీ ఒకే ఎఫ్‌టీపీ వాడితే సీటీఎల్, ఏటీఎల్ రెండూ అదే 16 శాతం పెరుగుతాయి. సీటీఎల్ 64 కాస్తా 74, ఏటీఎల్ 76 కాస్తా 88. టీఎస్‌బీ మైనస్ 12 నుంచి మైనస్ 14కు పోతుంది. అంతే! మైనస్ 14 కూడా తెర మీద ఆకుపచ్చ రంగే.

అంకె తప్పు కావడం వేరు, తప్పు అంకె చూసి వాట్లు పెట్టుకోవడం వేరు. ఆయన్ను అలిసిపోయేలా చేసింది రెండోది. గ్రాఫ్ సరిచేస్తే గ్రాఫ్ బాగుపడుతుంది, కాళ్లు బాగుపడాలంటే ఇంటర్వెల్స్ వాట్లు తగ్గించాలి.

---

ఎక్కుడుదారి

ఈ మాట మా వాళ్లందరికీ పంపుతున్నాను.

దీనికి ఒక కొనసాగింపు. టీఎస్ఎస్ దృష్టిలో ఎఫ్‌టీపీ దగ్గర ఒక గంట తొక్కితే 100. ఇంటెన్సిటీ 0.7 దగ్గర రెండు గంటలు తొక్కితే 98. దాదాపు సమానం. ఆ రెండు గంటలు తొక్కినవాడు మర్నాడు మళ్లీ అదే చేస్తాడు. గంటసేపు ఎఫ్‌టీపీ దగ్గర నలిగినవాడికి మర్నాడు సైకిల్ చూస్తేనే చికాకు. ఒకే అంకె, ఒకే తరహా అలసట కాదు. నేను వారపు మొత్తాన్ని చూసేముందు క్రిటికల్ పవర్‌కు పైన ఎన్ని నిమిషాలు గడిచాయో చూస్తాను. వారాల తరబడి అది మెల్లగా పెరుగుతోందంటే, సీటీఎల్ కదలకపోయినా జాగ్రత్తపడతాను.

---

లెక్కలమాస్టారు

నార్మలైజ్డ్ పవర్‌కు గుడ్డి చోటు ఇంకొకటి. 15 సెకన్లు 300 వాట్లు, 15 సెకన్లు 100 వాట్లు చొప్పున గంట తొక్కండి. 30 సెకన్ల కదిలే సగటు ఏ క్షణంలో చూసినా 200. నాలుగో ఘాతం చేయడానికి హెచ్చుతగ్గులే మిగలవు. నార్మలైజ్డ్ పవర్ 200, సగటూ 200. ఇందాకటి ఐదేసి నిమిషాల పద్ధతిలో అదే వాట్లకు 250 వచ్చింది. గుండెకూ ఊపిరికీ ఈ పొట్టి మార్పులు నిజంగానే తేలిక, సూత్రం అందులో తప్పు కాదు. కానీ ఆ 300 స్థానంలో 600, 700 వాట్ల ఉరుకులు పెట్టి చూడండి. తొడ కండరాలకు పడే దెబ్బ ఆ చదునులో కలిసిపోతుంది. రేసుల్లో ప్రతి మలుపు తర్వాతా ఎగిసి తొక్కేవాళ్లు, రోజంతా ట్రాక్ మీద స్ప్రింట్లు చేసేవాళ్లు టీఎస్ఎస్ చూసి తేలికపాటి రోజనుకుంటే అంతే సంగతులు.

---

చెయిన్‌రింగు

మీరంతా శరీరం దగ్గర ఆగిపోయారు, పరికరం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉల్రిచ్ షోబెరర్ 1986లో ఎస్ఆర్ఎం మీటర్ తయారుచేసినప్పుడూ ఇప్పుడూ కిటుకు ఒకటే: లోహం ఎంత వంగిందో స్ట్రెయిన్ గేజ్‌లు కొలుస్తాయి. ఉష్ణోగ్రత మారితే ఆ కొలత జారుతుంది. అందుకే బయలుదేరే ముందు, సైకిల్ బయటి ఉష్ణోగ్రతకు వచ్చాక సున్నా సరిచేయాలి.

ఎడమ క్రాంక్ (పెడల్‌ను పట్టి ఉంచే కాడ) మీటర్లది మరో తమాషా. ఎడమ కాలి పవర్‌ను రెట్టింపు చేసి చూపిస్తాయి. ఎడమ, కుడి కాళ్ల వాటా 48, 52 అయితే నాలుగు శాతం తక్కువ కనబడుతుంది. అదొక్కటే వాడితే పోనీ. చాలామంది బయట క్రాంక్ మీటర్, ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కే యంత్రం) పవర్ వాడి రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో పోస్తారు. రెండింటికీ మూడు శాతం తేడా ఉంటే టీఎస్ఎస్‌లో ఆరు శాతం. వానలు మొదలై ఇంట్లో తొక్కడం ఎక్కువైతే ఫిట్‌నెస్ పెరిగినట్టో తగ్గినట్టో భ్రమ కలుగుతుంది, మారింది పరికరం మాత్రమే.

అన్నట్టు, హెడ్ యూనిట్‌లో (హ్యాండిల్ మీది చిన్న కంప్యూటర్) పవర్ సగటుకు సున్నాలను కలిపే సెట్టింగు పెట్టుకోండి. దిగుడులో పెడల్ తిప్పని సమయాన్ని వదిలేస్తే సగటు పెరిగిపోతుంది.

---

నిదానం

ఎదురుగాలి గారూ, మీ వారం ఎలా గడుస్తుందో చెప్పగలరా? ఇంటర్వెల్స్ మిగిలిన రోజుల్లో ఏమి చేస్తారు?

---

ఎదురుగాలి

పూర్తి సెలవు అంటూ దాదాపు ఉండదు. సీటీఎల్ పడిపోతుందని భయం. మిగతా రోజుల్లో మధ్యస్థంగా గంటో గంటన్నరో తొక్కుతాను. వారాంతంలో బృందంతో పెద్ద రైడ్. రోజుకు 60 నుంచి 80 టీఎస్ఎస్ మధ్య ఉంటుంది, బృందంతో వెళ్లిన రోజు తప్ప.

---

నిదానం

అనుకున్నాను. క్రీడా శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ దీనికి ఒక కొలత ఇచ్చారు, మోనోటనీ, అంటే రోజులన్నీ ఎంత ఒకేలా ఉన్నాయన్నది. వారంలోని రోజువారీ భారాల సగటును వాటి ప్రామాణిక విచలనంతో (రోజుకూ రోజుకూ ఉండే హెచ్చుతగ్గుల కొలత) భాగించడమే. ఫాస్టర్ భారాన్ని వాట్లతో కాకుండా కష్టానికి పదికి ఇచ్చిన అంకెను నిమిషాలతో గుణించి లెక్కిస్తారు, టీఎస్ఎస్‌తోనూ చేయొచ్చు.

ఒక వారం 80, 60, 75, 65, 80, 60, 70. ఇంకో వారం 140, 0, 110, 30, 0, 150, 60. రెండింటి మొత్తం 490. సీటీఎల్ దృష్టిలో రెండూ కవల పిల్లలు. మోనోటనీ మాత్రం మొదటిదానికి 8.7, రెండోదానికి 1.2. రెండు దాటితేనే కళ్లు తెరవాలంటారు. మొదటి వారంలో ఒక్క రోజు కూడా శరీరం తేరుకునే సందు లేదు, గట్టిగా తొక్కే రోజు నిజంగా గట్టిగా తొక్కే బలమూ మిగలదు.

సీటీఎల్ పడిపోతుందన్న భయం గురించి ఒక మాట చెప్పాలి, కాస్త కటువుగా అనిపిస్తే మన్నించండి. 64 ఉన్న సీటీఎల్ ఒక రోజు సెలవుకు ఒకటిన్నర పాయింటు తగ్గుతుంది. ఆ ఒకటిన్నర కోసం మీరు నాలుగో ఇంటర్వెల్‌ను బలిపెడుతున్నారు.

---

పాతచక్రం

అదీ మాట! సీటీఎల్ పెంచుకోవడం కోసమే సైకిల్ తొక్కేవాళ్లను చూశాను. రైడ్ ముగించి 97 టీఎస్ఎస్ కనబడితే వందకోసం వీధుల్లో చక్కర్లు కొడతారు.

---

ఎక్కుడుదారి

పాతచక్రం గారూ, నవ్వొచ్చింది గానీ, ఆ అంకెను పూర్తిగా కొట్టిపారేయకండి. దాని పుట్టుక గౌరవప్రదమైనదే. ఎరిక్ బానిస్టర్ బృందం 1975లో వేసిన నమూనా దీనికి మూలం: ప్రతి వ్యాయామమూ ఒక మేలు, ఒక అలసట వదిలిపెడుతుంది, అలసట పెద్దది, త్వరగా పోతుంది, మేలు చిన్నది, ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ నమూనాలో రెండింటికీ వేర్వేరు గుణకాలు ఉండేవి, కాలస్థిరాంకాలు ఆ క్రీడాకారుడి ఫలితాలను బట్టి తేలేవి. మన గ్రాఫ్‌లో గుణకాలు పోయాయి, 42, 7 అందరికీ ఒకటే అయ్యాయి. వాడడానికి సులువైంది. కానీ టీఎస్‌బీ ప్లస్ 15 అయితే ఫలానా వాట్లు వస్తాయని చెప్పే శక్తి ఆ సులువులోనే పోయింది. గోల్డెన్‌చీటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ రోజుల సంఖ్యలు మార్చుకోవచ్చు. వయసు పైబడిన రైడర్లకు ఏటీఎల్ ఏడు రోజుల్లో దిగడం అతి ఆశ అని నా అనుభవం.

నేను ఈ గ్రాఫ్‌ను రెండింటికే వాడతాను. ఎవరైనా సెలవుల తర్వాత ఆత్రంతో వారానికి ఎనిమిది, పది సీటీఎల్ పాయింట్లు పెంచేస్తుంటే పట్టుకోవడానికి. రేసుకు ముందు భారం తగ్గించేటప్పుడు ఎంత తగ్గుతోందో చూడటానికి. రెండోదాని మీద 2007లో బోస్కే బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూసింది: రెండు వారాల పాటు వ్యాయామ పరిమాణాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించి, తీవ్రతను అలాగే ఉంచితే ఫలితం బాగుంటుందని తేలింది. తీవ్రతను కూడా తగ్గించినవాళ్లు గ్రాఫ్‌లో తాజాగా కనబడతారు, రేసు గీత దాటేసరికి మొద్దుబారి ఉంటారు.

---

కొత్తపెడల్

మరి అలసట కొలవాలంటే నాలాంటివాళ్లు చేయగల టెస్టు ఏదైనా ఉందా? గుండె కొట్టుకోవడంలో హెచ్చుతగ్గులు కొలిచే హెచ్ఆర్‌వీ గురించి విన్నాను.

---

నాడి

హెచ్ఆర్‌వీ పనికొస్తుంది, కాకపోతే ఒక్క ఉదయపు అంకెతో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రోజూ లేవగానే, ఒకే భంగిమలో, ఒకే సమయంలో కొలిచి వారం సగటు ఎటు పోతోందో చూడాలి. ముందురోజు నిద్ర చాలకపోయినా అది పడిపోతుంది.

సైకిల్ మీద చేసేదయితే నాకు నచ్చినది లాంబర్ట్స్ టెస్టు. ఇందులో వాట్లు కాకుండా గుండె వేగాన్ని స్థిరంగా ఉంచుతారు. గరిష్ఠ గుండె వేగంలో 60 శాతం దగ్గర ఆరు నిమిషాలు, 80 శాతం దగ్గర ఆరు నిమిషాలు, 90 శాతం దగ్గర మూడు నిమిషాలు. తర్వాత తొక్కడం ఆపి, 90 సెకన్లలో గుండె ఎంత దిగిందో చూడటం. ఒక్కో దశలో ఎన్ని వాట్లు వచ్చాయి, ఎంత కష్టమనిపించింది అనేవి రాసుకోవాలి. రైడ్‌కు ముందు ఒళ్లు వేడెక్కించుకోవడంలో భాగంగానే అయిపోతుంది, అలసటా మిగలదు.

ఇక్కడా ఇందాకటి ఉచ్చే ఉంది. 90 శాతం దగ్గర వాట్లు ఎప్పుడూ లేనంత పెరిగాయంటే సంబరపడొద్దు. కష్టం కూడా పెరిగిందా చూడండి. పెరిగితే గుండె పైకి రావడం లేదు, ఆ వేగం తెప్పించడానికి మీరు ఎక్కువ తొక్కాల్సి వస్తోంది. ఎదురుగాలి గారి 161 అదే. దీనికి వ్యతిరేకంగా, మామూలు వాట్లకే గుండె ఎగిరిపడుతుంటే వేడి, నీరు చాలకపోవడం, రాబోయే జ్వరం లాంటివి అనుమానించాలి.

---

ఎక్కుడుదారి

దానితోపాటు దీర్ఘ రైడ్లలో మరొకటి చూస్తాను. తాజాగా ఉన్నప్పటి ఐదు నిమిషాల పవర్ ఎంత, 2000 కిలోజౌళ్ల పని చేశాక అదే ఐదు నిమిషాల పవర్ ఎంత? వృత్తి రైడర్ల మీద ఈమధ్య వచ్చిన అధ్యయనాల్లో పైస్థాయి వాళ్లను వేరు చేసింది తాజా అంకె కన్నా ఈ తరుగుదలే. 200 వాట్లతో గంట తొక్కితే 720 కిలోజౌళ్లు, కాబట్టి 2000కు మూడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. ఒకే సీటీఎల్ ఉన్న ఇద్దరిలో ఒకరికి తరుగు తక్కువ, ఇంకొకరికి ఎక్కువ కావడం తరచూ చూస్తుంటాను.

---

ఎదురుగాలి

అందరికీ ధన్యవాదాలు. ఇంటర్వెల్స్‌ను 255 దగ్గరికి దించుతాను, వారానికి రెండు రోజులు పూర్తి సెలవు. ముందు ఒక వారం తేలికగా తొక్కుతాను. అయితే ఎఫ్‌టీపీని 283 నుంచి 263కు మారిస్తే గ్రాఫ్‌లో పెద్ద గెంతు రాదా? పాత రైడ్లను ముట్టకుండా వదిలేయాలా?

---

నాడి

గ్రాఫ్ సంగతి మాస్టారు చెబుతారు. దానికంటే ముందు ఒకటి. ఆ తేలిక వారంతో గుండె వేగం మామూలై, వాట్లు తిరిగొస్తే ఇది శిక్షణలో భాగంగా వచ్చే మామూలు అలసట. రెండు మూడు వారాలు తగ్గించినా మార్పు రాకపోతే అది వేరే కోవ. 2013లో యూరోపియన్, అమెరికన్ క్రీడా వైద్య సంస్థలు కలిసి ఇచ్చిన ఏకాభిప్రాయ పత్రం ప్రకారం అతి శిక్షణను తేల్చే ఒకే ఒక్క పరీక్ష లేదు. ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చాలి. రక్తహీనత, థైరాయిడ్, తగ్గకుండా ఉండిపోయిన ఇన్ఫెక్షన్, చాలని తిండి, ఏదైనా కావచ్చు. అప్పుడు ఇక్కడ కాకుండా డాక్టర్ దగ్గర అడగాలి.

---

లెక్కలమాస్టారు

ఇవాళ్టి నుంచి మాత్రమే మారిస్తే గెంతు వస్తుంది. మీరు అంతే తొక్కినా టీఎస్ఎస్ 16 శాతం ఎక్కువ నమోదవుతుంది. ఏటీఎల్ వెంటనే ఎక్కుతుంది, సీటీఎల్ నెమ్మదిగా ఎక్కుతుంది. కొన్ని వారాల పాటు లేని అలసట కనబడుతుంది, ఆపైన లేని ఫిట్‌నెస్ కనబడుతుంది. ర్యాంప్ టెస్టు చేసిన తేదీ నుంచే 263 పెట్టి, పాత రైడ్లను తిరిగి లెక్కించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి. ఆ తేదీకి ముందు ఎఫ్‌టీపీ వేరే టెస్టుతో వచ్చి ఉంటే దాన్ని కదపకండి.

ఒక చిన్న సవరణ: 263 క్రిటికల్ పవర్, ఎఫ్‌టీపీ దానికన్నా కొద్దిగా కింద ఉండే అవకాశం ఎక్కువ. 258 పెట్టుకున్నా నష్టం లేదు, 255 వాట్ల ఇంటర్వెల్స్ అప్పటికీ సరైన చోటే ఉంటాయి.

---

చెయిన్‌రింగు

ఎదురుగాలి గారూ, ర్యాంప్ టెస్టు ట్రైనర్ మీద చేశారా, మీ క్రాంక్ మీటర్‌తోనా? ఎక్కుడు రికార్డులు బయటవి కదా. రెండూ వేర్వేరు పరికరాలైతే ఆ 20 వాట్లలో కొన్ని అక్కడివి కూడా కావచ్చు. ఒకసారి ట్రైనర్ మీద రెండింటినీ ఒకేసారి నమోదు చేసి, పది నిమిషాల స్థిరమైన పవర్‌ను పోల్చి చూడండి, తర్వాతే పాత రైడ్లను ముట్టుకోండి.